సైకిల్ హెల్మెట్, గ్లవ్స్: సైజు, ఫిట్టింగు, చేతుల తిమ్మిర్లు

కొత్తచైన్
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంకి, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, సిద్ధమవుతున్నాను. హైబ్రిడ్ సైకిలు, 32 మిల్లీమీటర్ల టైర్లు. నాలుగు సందేహాలున్నాయి.
తల చుట్టుకొలత 57.5 సెంటీమీటర్లు. ఒక కంపెనీ చార్టులో ఇది మీడియంలోనూ పడుతోంది, లార్జ్‌లోనూ పడుతోంది. ఏది తీసుకోవాలి?
పదిహేను వందల హెల్మెట్‌కీ ఎనిమిది వేల హెల్మెట్‌కీ భద్రతలో తేడా ఎంత?
గంట దాటాక చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. జెల్ గ్లవ్స్ వేసుకుంటే పోతుందా?
ఇంట్లో బైక్ హెల్మెట్ ఉంది కదా, అదే పెట్టుకోమంటున్నారు. పనికొస్తుందా?

ఎదురుగాలి
చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. బైక్ హెల్మెట్ వద్దండి. మన దగ్గర దాని మీద ఉండే ఐఎస్ 4151 మార్కు మోటారు వాహనాలకు సంబంధించినది. బరువు కిలో నుంచి కిలో రెండు వందల గ్రాముల దాకా ఉంటుంది. సైకిల్ హెల్మెట్ 250 నుంచి 350 గ్రాములే. సైకిల్ మీద మనిషి ముందుకు వంగి, మెడ పైకెత్తి చూస్తాడు. ఆ భంగిమలో నాలుగు రెట్ల బరువు మోస్తే మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. గాలి ఆడదు, చెమట కళ్లలోకి కారుతుంది, వెనక నుంచి వచ్చే బండి శబ్దం సరిగా వినపడదు. బీఆర్‌ఎంలో హెల్మెట్ తప్పనిసరి కాబట్టి ఏదో ఒకటి పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి, పదమూడున్నర గంటలు తల మీద ఉండాల్సిన వస్తువు అది.

లోపలి లేబుల్ మీద ఈఎన్ 1078 అనో, సీపీఎస్‌సీ అనో ఉండాలి. మొదటిది యూరప్ ప్రమాణం, రెండోది అమెరికాది. ఈఎన్ 1078లో హెల్మెట్‌ను చదునైన ఇనుప దిమ్మ మీదికి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. అంటే ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడినట్టు, గంటకు దాదాపు 19.5 కిలోమీటర్ల వేగం. లోపలి డమ్మీ తల మీద కుదుపు 250 జీ (భూమి ఆకర్షణకు 250 రెట్లు) దాటకూడదు. సీపీఎస్‌సీలో ఎత్తు రెండు మీటర్లు, పరిమితి 300 జీ.

హెల్మెట్ లోపల ఏం జరుగుతుందో ఒక లెక్కతో చెబుతాను. తల 5.42 మీటర్ల వేగంతో వచ్చి తారు రోడ్డును తాకిందనుకోండి. మధ్యలో ఏమీ లేకపోతే రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగిపోవాలి. 3 మిల్లీమీటర్లంటే సగటున 500 జీ. మధ్యలో థర్మాకోల్ ఉండి అది 20 మిల్లీమీటర్లు నలిగితే అదే తల సగటున 75 జీతో ఆగుతుంది. మొత్తం మేలు ఆ రెండు సెంటీమీటర్ల నలుగుడులోనే ఉంది. అందుకే ఒకసారి నలిగిన థర్మాకోల్ రెండోసారి పనిచేయదు.

కొత్తచైన్
20 కిలోమీటర్ల వేగానికే టెస్ట్ చేస్తారా? రోడ్డు మీద 28, 30లో వెళ్తాం కదండీ.

ఎదురుగాలి
అది కిందికి పడే వేగం, ముందుకు వెళ్లే వేగం కాదు. 30లో జారిపడ్డా తల నేలను కొట్టుకునేది ప్రధానంగా మన ఎత్తు నుంచి పడిన వేగంతోనే. మిగతా వేగం రోడ్డు మీద రాసుకుంటూ పోవడంలో ఖర్చవుతుంది. నేరుగా ఆగి ఉన్న లారీనో డివైడర్‌నో గుద్దితే మాత్రం లెక్క మారిపోతుంది. ఆ దెబ్బకు ఏ సైకిల్ హెల్మెట్‌నీ తయారుచేయలేదు.

చక్రధారి
సైజు సంగతి నేను చెబుతాను. ధర కంటే ముందు చూడాల్సింది ఇదే. వదులుగా, వెనక్కి వాలి ఉన్న ఎనిమిది వేల హెల్మెట్ కంటే సరిగ్గా కూర్చున్న పదిహేను వందల హెల్మెట్ ఎన్నో రెట్లు నయం.

టైలర్ టేపుతో కనుబొమలకు రెండు సెంటీమీటర్ల పైన, వెనక తల ఎక్కువగా ఉబ్బిన చోటు మీదుగా కొలవండి. 57.5 వచ్చింది కాబట్టి షాపుకెళ్లి మీడియం, లార్జ్ రెండూ పెట్టి చూడాలి. వెనక డయల్ చూసి నిర్ణయించండి. మీడియంలో డయల్ పూర్తిగా వదిలేస్తేగానీ తల పట్టలేదంటే లార్జ్ తీసుకోండి. లార్జ్‌లో చివరిదాకా బిగిస్తేగానీ నిలబడలేదంటే మీడియం తీసుకోండి. డయల్ తిరిగే దూరంలో మధ్యకు అటూ ఇటూ బిగిసేదే మీ సైజు.

తల ఆకారం కూడా చూడాలి. కొన్ని కంపెనీల మూస కోలగా ఉంటుంది, కొందరి తలలు కాస్త గుండ్రం. కణతల దగ్గర నొక్కేస్తూ నుదుటి ముందు ఖాళీ కనిపిస్తే ఆ మోడల్ మీది కాదు. పెద్ద సైజు తీసుకుంటే కణతల నొప్పి తగ్గుతుంది, కానీ ముందూ వెనకా ఊగుతుంది. కంపెనీ మార్చండి. షాపులోనే పదిహేను నిమిషాలు పెట్టుకుని ఉండండి. తీశాక నుదుటి మీద ఒకేచోట ఎర్రటి మచ్చ పడితే వద్దు.

ఇక బిగించే పద్ధతి. డయల్ పూర్తిగా వదిలి తలకు పెట్టండి. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన, నేలకు సమాంతరంగా ఉండాలి. డయల్ బిగించాక, గడ్డం పట్టీ పెట్టకుండానే ముందుకు వంగి తల ఊపండి. ఊడి పడకూడదు. తర్వాత చెవికి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వచ్చే పట్టీలను కలిపే ప్లాస్టిక్ ముక్కను చెవి తమ్మె కిందికి జరపండి. కొత్త హెల్మెట్లలో ఇది సాధారణంగా బాగా కిందికి ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. పట్టీ చెంప మీద వదులుగా వేలాడటానికి అసలు కారణం అదే. ఆ ముక్కకున్న చిన్న మూత తెరిచి, పట్టీ జరిపి, మళ్లీ నొక్కేయాలి. మూత లేని రకమైతే పట్టీని వెనకనుంచి కొద్దికొద్దిగా లాగుతూ రావాలి.

బకిల్ పెట్టాక గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. పెద్దగా ఆవలించండి. హెల్మెట్ నడినెత్తిని కిందికి లాగినట్టు అనిపిస్తే బిగువు సరిగ్గా ఉన్నట్టు. చివరగా అరచేతిని ముందు అంచు కింద పెట్టి పైకి తోయండి. నుదురు బయటపడేంత వెనక్కి వాలితే చెవి ముందరి పట్టీ బిగించాలి. వెనకనుంచి తోస్తే కళ్ల మీదికి దిగిందంటే వెనక పట్టీ బిగించాలి.

వేకువరైడ్
చక్రధారి గారు చెప్పినదానికి ఆడవాళ్ల కోసం కొంచెం కలుపుతాను. కొప్పు పెట్టి దాని మీద హెల్మెట్ పెడితే అది ముందుకు వాలుతుంది, లేదా పైన తేలుతుంది. జడ మెడ దగ్గర కిందగా వేసుకుని, డయల్ కింద నుంచి బయటికి రావాలి. క్లచర్లు, ఇనుప పిన్నులు, రాళ్ల క్లిప్పులు హెల్మెట్ లోపల ఉండకూడదు. పడినప్పుడు థర్మాకోల్ నలిగేలోపు ఆ క్లిప్పు తలలో దిగుతుంది. మెత్తటి రబ్బరు బ్యాండు చాలు. నూనె రాసుకునే అలవాటున్నవాళ్లు పల్చటి కాటన్ స్కల్ క్యాప్ పెట్టుకుంటే ప్యాడ్లు పాడవవు. ఆ క్యాప్‌తోనే హెల్మెట్ కొలత చూసుకోండి.

చున్నీ ఉంటే రెండు చివర్లూ వెనక్కి తీసి నడుముకు ముడి వేయండి. చైన్ కుడివైపు ఉంటుంది కాబట్టి కుడి కాలి ప్యాంటు అంచుకు బ్యాండు తప్పదు. హెల్మెట్ గురించి ఎంత మాట్లాడుకున్నా, చైన్‌లో గుడ్డ చిక్కుకుని పడేవాళ్లను ఆపేది ఈ బ్యాండే.

కొత్తచైన్
చాలా ఉపయోగం అండీ. మరి ఎనిమిది వేలదానిలో ఎక్కువ ఏముంటుంది? మిప్స్ అని పసుపు చుక్క కనిపిస్తోంది.

ఎదురుగాలి
ధర పెరిగేకొద్దీ ముఖ్యంగా వచ్చేవి తక్కువ బరువు, ఎక్కువ గాలి, మెరుగైన డయల్, మంచి ప్యాడ్లు. ప్రమాణం రెండిటికీ ఒకటే.

మిప్స్ స్వీడన్‌లో పుట్టిన పద్ధతి. హెల్మెట్ లోపల ఒక పల్చటి పొర ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు అది 10 నుంచి 15 మిల్లీమీటర్లు జరుగుతుంది. సైకిల్ మీంచి పడితే తల నిటారుగా నేలను తాకదు, ఏటవాలుగా తాకి గిర్రున తిరుగుతుంది. ఆ తిప్పుడును తగ్గించడం దాని పని. ఈఎన్ 1078, సీపీఎస్‌సీ పరీక్షలు ఈ తిప్పుడును కొలవవు. కొలిచేది వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం. 45 డిగ్రీల వాలున్న దిమ్మకు గరుకు కాగితం అంటించి దాని మీదికి హెల్మెట్లను పడేసి నక్షత్రాలు ఇస్తారు. ఆ జాబితా ఉచితంగా చూడొచ్చు. నక్షత్రాలు ఎక్కువుంటే మంచిది, పక్కనుండే స్కోరు మాత్రం ఎంత తక్కువైతే అంత మంచిది. తక్కువ ధర మోడళ్లు కొన్నిటికి ఐదు నక్షత్రాలున్నాయి, ఖరీదైనవి కొన్ని వాటికంటే వెనకబడ్డాయి.

కాబట్టి నా మాట: ముందు తలకు సరిపోయేవి రెండు మూడు ఏరుకోండి, వాటిలో మిప్స్ ఉన్నది బడ్జెట్‌లోకి వస్తే అది తీసుకోండి. మిప్స్ కోసం ఫిట్టింగు వదులుకోవద్దు.

రోడ్డు పక్కన మూడు వందలకు అమ్మే వాటి మీద స్టిక్కర్ నమ్మకండి. అసలుదానికి లోపల తయారీదారు పేరు, మోడల్, సైజు సెంటీమీటర్లలో, బరువు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. చెవి పక్క పట్టీలు థర్మాకోల్ లోపలి నుంచి వస్తాయి. నకిలీవాటిలో పట్టీని పై డిప్పకు రివెట్ కొట్టి వదిలేస్తారు.

ఫిజియో_బెజవాడ
తిమ్మిర్ల విషయం. చిటికెన వేలు, ఉంగరపు వేలు అన్నారు కాబట్టి అది అల్నార్ నరం. మణికట్టు దాటాక అరచేతి మడమలో, చిటికెన వేలి వైపు, గయాన్ కెనాల్ అనే ఇరుకు దారిలోంచి పోతుంది. సరిగ్గా ఆ చోటే హ్యాండిల్ మీద ఆనుతుంది. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారితే అది మీడియన్ నరం, మణికట్టు బాగా వెనక్కి వంచి పట్టుకోవడం వల్ల వస్తుంది. ఏ వేళ్లో తెలిస్తే సగం కారణం తెలిసినట్టే.

గ్లవ్స్‌తో తగ్గుతుంది, కానీ ఏ గ్లవ్స్ అన్నది ముఖ్యం. చేయి చాచి చూస్తే అరచేతి మడమలో రెండు గుట్టలు, మధ్యలో ఒక లోయ కనిపిస్తాయి. ప్యాడింగ్ ఆ గుట్టల మీద ఉండి, మధ్య లోయ ఖాళీగా ఉండాలి. అరచేయంతా ఒకే మందపాటి జెల్ పరిచినవి కొన్నాళ్లకు గట్టిపడి నరం మీదే నొక్కుతాయి. పైగా మందం ఎక్కువైతే పట్టు కోసం తెలియకుండానే ఇంకా గట్టిగా పిసుకుతాం. 3, 4 మిల్లీమీటర్ల మెత్తటి ఫోమ్ చాలామందికి సరిపోతుంది.

కొలత: బొటనవేలు వదిలేసి, పిడికిలి ఎముకల దగ్గర అరచేతి చుట్టూ టేపు. గ్లవ్ వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నట్టు వేళ్లు మడవండి. అరచేతిలో బట్ట ముడత పడితే పెద్దదైనట్టు. ఆ ముడతే రెండు గంటల్లో బొబ్బ అవుతుంది. వేళ్ల సందుల్లో లాగుతుంటే చిన్నది.

నాలుగైదు నిమిషాలకోసారి చేతుల చోటు మార్చండి. మీది హైబ్రిడ్, ఫ్లాట్ హ్యాండిల్ కాబట్టి పట్టుకునే చోటు ఒకటే. చివర్లకు బార్ ఎండ్స్ (కొమ్ముల్లాంటి పట్టులు) బిగిస్తే రెండో పట్టు దొరుకుతుంది. రైడ్ అయ్యాక కూడా తిమ్మిరి ఒకటి రెండు రోజులు వదలకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టంగా ఉన్నా, గ్లవ్స్ మారుస్తూ కూర్చోకుండా డాక్టరుకు చూపించండి.

స్పానర్_15
ఫిజియో గారి మాటకు మెకానిక్ పక్కనుంచి. చేతుల మీద బరువు ఎక్కువ పడుతోందంటే ముందు సీటు చూడాలి. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే మనిషి ముందుకు జారుతూ చేతులతో ఆపుకుంటాడు. స్పిరిట్ లెవెల్ పెట్టి సమాంతరం చేయండి. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ కూడా చాలు, సీటు మీద ఒక అట్ట పెట్టి దాని మీద ఫోన్ పెట్టండి.

తర్వాత హ్యాండిల్ ఎత్తు. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే ముక్క) పైన స్పేసర్లు (రింగులు) ఉంటే వాటిని కిందికి మార్చి ఎత్తు పెంచొచ్చు, ఒక్కోటి 5 లేదా 10 మిల్లీమీటర్లు. వరస తప్పకూడదు: ముందు స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చేయండి, తర్వాత పై మూత బోల్టు తీయండి, స్టెమ్ పైకి లాగి స్పేసర్లు కింద వేయండి. బిగించేటప్పుడు ముందు పై మూత. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే టకటక ఆడకూడదు, హ్యాండిల్ మాత్రం తేలిగ్గా తిరగాలి. ఆ తర్వాతే చక్రానికి హ్యాండిల్ నిటారుగా చూసి పక్క బోల్టులు, స్టెమ్ మీద రాసిన టార్క్‌కి (బిగింపు బలానికి), మామూలుగా 5 న్యూటన్ మీటర్లు. పక్క బోల్టులు ముందు బిగించి పై మూతతో తిప్పలు పడితే బేరింగ్ ఆట పోదు.

టైరు గాలి కూడా. 70 కిలోల మనిషి 32 టైర్లలో 60 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు, టైరు పక్కన రాసిన హద్దులు దాటకుండా. పంపు షాపులో 90 కొట్టించుకుని, రోడ్డు గరుకంతా చేతుల్లోకి వస్తోందని గ్లవ్స్ మార్చడంలో అర్థం లేదు.

వేకువరైడ్
స్పానర్ అన్నా, సీటు ముక్కు సమాంతరం చేస్తే కొందరికి ముందు భాగంలో ఒత్తిడి వస్తుంది. ఆడవాళ్లకు మరీను. ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచొచ్చా?

స్పానర్_15
వంచొచ్చు అక్కా. రెండు డిగ్రీలు దాటితే చేతులకు బరువు వెళ్లడం మొదలవుతుంది. అంతకంటే వంచాల్సి వస్తోందంటే ఆ సీటు సరిపడలేదు, లేదా ఎత్తు ఎక్కువైంది. మధ్యలో గాడి ఉన్న సీటు చూడండి.

గాలివాటం
ఒక మాట అడుగుతాను. నెదర్లాండ్స్‌లో అంతమంది సైకిల్ తొక్కుతారు, హెల్మెట్ దాదాపు ఎవరూ పెట్టుకోరు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ బైకులకే, సైకిళ్లకు కాదు. హెల్మెట్ గురించి ఇంత పట్టుబడితే, బడికి వెళ్లే పిల్లలూ పాలు పోసేవాళ్లూ సైకిలంటేనే ప్రమాదం అనుకోరా? అసలు కావాల్సింది వేరే దారి కదా.

ఎదురుగాలి
వేరే దారి కావాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ కార్ల నుంచి విడదీసిన దారులున్నాయి, నిటారుగా కూర్చుని నిదానంగా వెళ్తారు. హైదరాబాద్‌లో 2023లో ఔటర్ పక్కన సోలార్ కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ లాంటిది ఊరంతా ఉంటే ఈ చర్చ వేరేలా ఉండేది. కానీ బీఆర్‌ఎం దారి హైవే మీద. గుంత, ఇసుక, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండి, కుక్క. రేసుల సంగతి చూడండి, 2003లో పారిస్-నీస్ పందెంలో ఆండ్రీ కివిలెవ్ తలకు దెబ్బ తగిలి చనిపోయాకే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ హెల్మెట్ తప్పనిసరి చేసింది. పాలు పోసే మనిషిని హెల్మెట్ లేదని ఎవరూ తప్పుపట్టకూడదు. ఆయనకు ముందు కావాల్సింది వెనక ఎర్ర లైటు.

యారానది
మెల్‌బోర్న్ నుంచి. ఇక్కడ విక్టోరియాలో 1990 జులై 1 నుంచే సైకిల్‌కు హెల్మెట్ చట్టం, న్యూజిలాండ్‌లో 1994 జనవరి 1 నుంచి. పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు పార్కు దాకా అని సైకిల్ తీసినా పెట్టుకోవాల్సిందే, పట్టుకుంటే జరిమానా. ఇంట్లోవాళ్ల హెల్మెట్ ఇచ్చేటప్పుడు డయల్, పట్టీలు వాళ్ల తలకు మళ్లీ సర్దండి.

పసిపిల్లల హెల్మెట్ గురించి కూడా: ఆడుకునే చోట జారుడుబల్ల, నిచ్చెనలు ఎక్కే ముందు హెల్మెట్ తీయించాలి. సందులో హెల్మెట్ ఇరుక్కుని, గడ్డం పట్టీ మెడకు ఉరిలా పడే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలకు ఈఎన్ 1080 అనే వేరే ప్రమాణం ఉన్నది అందుకే. వాటికి పచ్చ రంగు బకిల్ ఉంటుంది, గట్టిగా లాగితే దానంతటదే ఊడుతుంది. పెరుగుతారు కదా అని రెండు సైజులు పెద్దది కొనొద్దు.

చక్రధారి
ఎండ గురించి ఎవరూ అనలేదు. హెల్మెట్లను పరీక్షించే ముందు 50 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద 70 కూడా దాటుతుంది. అక్కడ వదిలేస్తే పై డిప్పకూ థర్మాకోల్‌కూ మధ్య జిగురు విడిపోతుంది, డిప్ప మీద నీటి బొబ్బల్లాంటివి లేస్తాయి. బొబ్బ కనిపిస్తే ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్‌తో మరకలు తుడవొద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. బయటికి డిప్ప మెరుస్తూనే ఉంటుంది కాబట్టి తెలియదు. పెయింట్ స్ప్రే కూడా అంతే.

పడ్డాక చూసే పద్ధతి: ప్యాడ్లు అన్నీ పీకేయండి. వెల్తురులో లోపలి నుంచి ప్రతి గాలి రంధ్రం అంచూ చూడండి. పగులు సాధారణంగా రెండు రంధ్రాల మధ్య సన్నటి వంతెనలో, వెంట్రుకంత గీతగా మొదలవుతుంది. బొటనవేళ్లతో అటూ ఇటూ మెల్లగా వంచితే గీత తెరుచుకుంటుంది. ఏమీ కనపడకపోయినా, తల నేలకు తగిలిందని తెలిస్తే మార్చేయాలి. నలిగిన థర్మాకోల్ పైకి కొంత ఉబ్బి మామూలుగా కనిపిస్తుంది. దెబ్బ తగలకపోయినా ఐదు నుంచి పదేళ్లలో మార్చమని అమెరికా సీపీఎస్‌సీ సలహా. రోజూ చెమట పట్టే మన వాతావరణంలో ఐదేళ్ల వైపే ఉండండి.

ఫిజియో_బెజవాడ
పడ్డాక మనిషిని కూడా చూడాలి. కొద్ది క్షణాలైనా స్పృహ తప్పినా, వాంతి అయినా, తలనొప్పి పెరుగుతున్నా, అడిగిందే అడుగుతున్నా, మగతగా ఉన్నా హెల్మెట్ బాగుందని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రైడ్ కొనసాగించనివ్వొద్దు.

చేతులు ఆన్చి పడితే గ్లవ్స్ చర్మాన్ని, కంకర దిగకుండా అరచేతిని కాపాడతాయి. ఎముకను కాపాడవు. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో చిన్న గుంట కనిపిస్తుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ ఎముక చిట్లి ఉండొచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పట్టీ వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తారు, అవసరమైతే ఎంఆర్‌ఐ చేస్తారు. బెణుకు అని వదిలేస్తే ఆ ఎముకకు రక్తం తక్కువ అందే వైపు అతుక్కోకుండా మిగిలిపోతుంది.

కొత్తచైన్
చాలా థాంక్సండీ అందరికీ. రేపు రెండు సైజులూ పెట్టి చూస్తాను. ఒక చిన్న ప్రశ్న: హాఫ్ ఫింగరా, ఫుల్ ఫింగరా? ఇంకా 25 కిలోమీటర్ల వేగం వెళ్లే ఎలక్ట్రిక్ సైకిల్ ఇంట్లో కొనాలనుకుంటున్నారు, దానికి ఇదే హెల్మెట్ సరిపోతుందా?

స్పానర్_15
250 వాట్లు, 25 కిలోమీటర్ల లోపు అయితే ఇదే సరిపోతుంది. 45 దాకా వెళ్లే రకాలకు నెదర్లాండ్స్‌లో ఎన్‌టీఏ 8776 అని ప్రమాణం తెచ్చారు. పరీక్ష వేగం సెకనుకు 6.5 మీటర్లు, అంటే దెబ్బ శక్తి ఈఎన్ 1078 కంటే 40 శాతానికి పైగా ఎక్కువ. మన దగ్గర ఆ వేగం బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాలి, ఐఎస్ 4151 హెల్మెట్ కావాలి.

వేకువరైడ్
ఎండాకాలం హాఫ్ ఫింగర్, వానల్లోనూ డిసెంబరు తెల్లవారుజాముల్లోనూ ఫుల్. బొటనవేలు వెనక టవల్ గుడ్డ ఉన్నది చూసుకోండి, చెమట తుడవడానికి. బీఆర్‌ఎం 6 గంటలకు మొదలైతే గడువు సాయంత్రం ఏడున్నర, కాబట్టి లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్ సంచిలో ఉండాలి. చీకటి పడ్డాక నల్ల కళ్లద్దాలు తీసేసి వట్టి కళ్లతో వెళ్లకుండా తెల్ల లెన్స్ ఉన్నవి పెట్టుకోండి, లైటుకు పురుగులు ముసురుతాయి. కళ్లద్దాల కాడలు హెల్మెట్ పట్టీల పైనుంచి రావాలి.

గ్లవ్స్ ప్రతి రెండు మూడు రైడ్లకు ఉతకాలి. చెమట ఉప్పు ఎండితే అరచేతి బట్ట అట్టలా అవుతుంది. వెల్క్రో మూసేసి, చన్నీళ్లలో కొద్దిగా సబ్బుతో చేత్తోనే. కంఫర్ట్ లాంటి ద్రవాలు వేయొద్దు, పట్టు జారుతుంది. పిండకుండా టవల్‌లో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. తీసేటప్పుడు వేళ్ల చివర్లు పట్టి పీకితే కుట్లు తెగుతాయి. మధ్య వేళ్ల సందుల్లో చిన్న గుడ్డ కొక్కేలు ఉంటాయి, వాటిని పట్టి లాగాలి. అవి లేనివైతే మణికట్టు నుంచి తిరగేస్తూ తీయండి.